సీఎంబీలో ఉష్ణోగ్రత తేడాలు, వాటి క్వాంటం పుట్టుక: తరచుగా అడిగే ప్రశ్నలు

విశ్వమంతటా పరుచుకుని ఉన్న పాత మైక్రోవేవ్ వెలుగుకు కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్ అని పేరు, పొట్టిగా సీఎంబీ. అందులోని వేడి, చల్లని మచ్చలకు విత్తనాలు క్వాంటం అలజడులే, అంటే అతి సూక్ష్మ ప్రపంచపు నియమాల వల్ల తప్పనిసరిగా ఉండే చెదురే అన్న మాట చాలామంది వినే ఉంటారు. అది ఎలా జరిగిందో అడిగితే మాత్రం ఎప్పుడూ అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి, అందుకే ఈ పేజీ. కొలిచి తేల్చినది ఏది, లెక్క కట్టి నమ్ముతున్నది ఏది అన్నది ఎక్కడికక్కడ విడదీసి చెప్పాం. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదవండి.

## ఆకాశంలో కనిపించేది

తేడాలు ఉన్నాయంటారు సరే, అసలు ఎంత తేడా?

సీఎంబీ సగటు ఉష్ణోగ్రత 2.7255 కెల్విన్‌లు, అంటే సుమారు మైనస్ 270.4 డిగ్రీల సెల్సియస్. మచ్చల మధ్య తేడాలు మైక్రోకెల్విన్‌లలో ఉంటాయి. ఒక మైక్రోకెల్విన్ అంటే కెల్విన్‌లో పది లక్షల వంతు. 1992లో కోబ్ ఉపగ్రహం కొలతలను 10 డిగ్రీల వెడల్పున సగటు చేసి చూస్తే తేడా 30 మైక్రోకెల్విన్‌లు వచ్చింది. 'లక్షలో ఒక వంతు' అన్న మాట అప్పటి నుంచే ప్రచారంలోకి వచ్చింది. ప్లాంక్ ఉపగ్రహంలా సన్నటి వివరం చూడగలిగితే తేడా 100 మైక్రోకెల్విన్‌లకు చేరుతుంది, ఎందుకంటే డిగ్రీ వెడల్పున్న మచ్చల్లోనే అది బలంగా ఉంటుంది. పోలిక కావాలంటే, కిలోమీటరు పొడవున్న రోడ్డు మీద సెంటీమీటరు ఎత్తుపల్లం లక్షలో ఒక వంతు.

రంగురంగుల కోడిగుడ్డులా ఉండే ఆ పటం నిజమైన ఫొటోనా?

ఫొటో కాదు, కొలతల పటం. గుండ్రటి ఆకాశాన్ని చదునుగా పరచడానికి మోల్‌వైడే అనే పద్ధతి వాడతారు, ఆకారం దాని వల్ల వచ్చింది. ఎరుపు వేడికి, నీలం చలికి అన్నది మనం పెట్టుకున్న గుర్తే. ప్లాంక్ పటంలో రంగుల హద్దులు మామూలుగా సగటుకు 300 మైక్రోకెల్విన్‌లు అటూ ఇటూ ఉంటాయి.

ఈ వెలుగు 160 గిగాహెర్ట్జ్ దగ్గర అత్యంత ప్రకాశవంతంగా ఉంటుంది, కంటికి అందదు. ప్లాంక్ 30 నుంచి 857 గిగాహెర్ట్జ్ దాకా తొమ్మిది పౌనఃపున్యాల్లో కొలవడానికి కారణం ఉంది. పాలపుంత ధూళి పై పౌనఃపున్యాల్లో మెరుస్తుంది, అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ల వెలుగు కింది పౌనఃపున్యాల్లో ఎక్కువ. సీఎంబీ మచ్చ మాత్రం అన్నిట్లోనూ ఒకే ఉష్ణోగ్రత తేడా చూపిస్తుంది. ఈ గుణంతోనే దాన్ని మిగతావాటి నుంచి వేరు చేస్తారు. పాలపుంత పట్టీ మీద ఈ వేరుచేత పూర్తిగా కుదరదు. అందుకే అక్కడి భాగాన్ని అందం కోసం పూరించి చూపిస్తారు, లెక్కల్లో మాత్రం కప్పేస్తారు.

ఆకాశం ఒక సగం వేడిగా, ఇంకో సగం చల్లగా ఉంటుందట. అదీ క్వాంటమేనా?

కాదు. అది మన కదలిక. సూర్యుడు సీఎంబీతో పోలిస్తే సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో సింహరాశి అంచు దిక్కుగా సాగుతున్నాడు. ఎదురుగా వచ్చే వెలుగు డాప్లర్ ప్రభావం వల్ల 3.36 మిల్లీకెల్విన్‌లు వేడిగా, వెనక వైపుది అంతే చల్లగా కనిపిస్తుంది. ఇది అసలు మచ్చల కన్నా కొన్ని పదుల రెట్లు పెద్దది కాబట్టి ముందు దీన్ని తీసేయకపోతే మిగతావేవీ కనిపించవు.

పాత టీవీలో చానల్ లేనప్పుడు వచ్చే చుక్కల్లో సీఎంబీ ఉంటుందా?

ఉంటుంది, సుమారు ఒక శాతం. అయితే అది సగటు వెలుగు మాత్రమే. 1964-65లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో పెన్జియాస్, విల్సన్ కొమ్ము యాంటెన్నాతో పట్టుకున్నదీ ఆ సగటునే. మచ్చల తేడా బయటపడటానికి మరో 27 ఏళ్లు పట్టింది.

## శూన్యంలో అలజడి

ఏమీ లేని శూన్యంలో అలజడి ఎక్కడి నుంచి వస్తుంది? శక్తి నిత్యత్వ నియమం ఏమైపోయింది?

భౌతికశాస్త్రంలో శూన్యం అంటే ఖాళీ కాదు. క్షేత్రం (ప్రతి చోటా ఒక విలువ ఉండే భౌతిక రాశి) తనకు సాధ్యమైన అతి తక్కువ శక్తితో ఉన్న స్థితి. క్షేత్రంలోని ఒక్కో తరంగదైర్ఘ్యాన్నీ ఒక్కో లోలకంగా ఊహించుకోండి. గడియారం లోలకం ఆగిపోతే నడిమధ్యలో కదలకుండా నిలుస్తుంది. క్వాంటం లోలకానికి ఆ వీలు లేదు. స్థానం కచ్చితంగా మధ్యలో, వేగం కచ్చితంగా సున్నా, రెండూ ఒకేసారి ఉండటాన్ని హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రం ఒప్పుకోదు. కాబట్టి అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో కూడా కొంత చెదురు మిగులుతుంది. సగటు సున్నాయే, సగటు వర్గం మాత్రం సున్నా కాదు.

శక్తి నిత్యత్వానికి ఇందులో ఏ భంగమూ లేదు. శూన్యం ఎవరి దగ్గరా శక్తి అప్పు తీసుకోదు. ఆ చెదురుతో కలిపే దాని అతి తక్కువ శక్తి లెక్క.

కణాలు జంటలుగా పుట్టి మాయమవుతుంటాయి అంటారు కదా, ఆ జంటలే మచ్చలయ్యాయా?

ఆ బొమ్మను ఇక్కడ పక్కన పెట్టడమే మంచిది. మచ్చలు ఏదో ఒక చోట పుట్టిన కణాల గుర్తులు కావు. లెక్కలో ఉన్నది క్షేత్రపు తరంగాలు: ఒక్కో తరంగం ఎంత ఎత్తున ఉండవచ్చు అన్నదానికి ఒక సంభావ్యతా విభజన, అది గంట ఆకారంలో ఉండే గాసియన్. విశ్వం ఆ విభజన నుంచి ప్రతి తరంగానికీ ఒక విలువ తీసుకుంది. అన్ని తరంగాలూ కలిస్తే ఎక్కడ ఎత్తు వచ్చింది, ఎక్కడ పల్లం వచ్చింది అన్నదే మచ్చల పటం. ఫలానా మచ్చ అక్కడే ఎందుకుంది అన్న ప్రశ్నకు సిద్ధాంతంలో జవాబు లేదు. ఏ పరిమాణపు మచ్చలు ఎంత బలంగా ఉండాలో మాత్రం అది చెబుతుంది.

ఇన్‌ఫ్లేషన్ అంటే ద్రవ్యోల్బణమే కదా, విశ్వానికి దానితో ఏం పని?

ఇంగ్లిష్‌లో ఒకే మాట కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ధరల పెరుగుదలతో దీనికి సంబంధం లేదు, అందుకే మేం ఇన్‌ఫ్లేషన్ అనే వాడుతున్నాం. విశ్వం తొలి క్షణంలో అతి కొద్ది కాలంలో, పెరిగే వేగం కూడా పెరుగుతూ, విపరీతంగా వ్యాకోచించిన దశకు ఆ పేరు. స్టారోబిన్‌స్కీ 1980లో, అలన్ గూత్ 1981లో, లిండే, ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ 1982లో దీనికి రూపాలు ఇచ్చారు.

అవసరం ఎందుకంటే, ఇన్‌ఫ్లేషన్ లేని లెక్కలో సీఎంబీ వెలువడిన నాటికి ఒకదానితో ఒకటి కబురు పంపుకోగలిగిన ప్రాంతం ఇవాళ ఆకాశంలో ఒకటి రెండు డిగ్రీలే ఉంటుంది. ఆకాశంలో ఈ చివర, ఆ చివర ఎప్పుడూ కలుసుకోకుండానే ఒకే ఉష్ణోగ్రతకు రావాల్సి వస్తుంది. ఇన్‌ఫ్లేషన్ ఉంటే రెండు చివరలూ మొదట ఒకే చిన్న మూలలో ఉన్నట్టు లెక్క తేలుతుంది. క్వాంటం అలజడుల కథ దీనికి తర్వాత దొరికిన లాభం. గూత్ మొదట పరిష్కరించాలనుకున్న సమస్యల్లో అది లేదు.

## సాగదీత

అణువు కన్నా ఎంతో చిన్న అలజడి గెలాక్సీ గుంపుల కన్నా పెద్దదిగా ఎలా అయింది?

ఒక చెరువును ఊహించండి. అందులో అల ఊగాలంటే దాని రెండు కొసల మధ్య కబురు నడవాలి. ఇప్పుడు ఆ చెరువే సాగుతోంది, అలనూ తనతో పాటు సాగదీస్తోంది. ఒక దశ తర్వాత అల ఎంత పొడవవుతుందంటే, ఈ కొస నుంచి బయలుదేరిన కబురు ఆ కొసకు చేరేలోపే దూరం ఇంకా పెరిగిపోతుంది. ఇక ఊగడానికి వీలుండదు. అల ఉన్న ఎత్తులోనే నిలిచిపోతుంది. దీన్నే తరంగం గడ్డకట్టడం అంటారు.

ఇన్‌ఫ్లేషన్‌లో కబురు నడవగల దూరం, అంటే హబుల్ దూరం, దాదాపు మారకుండా ఉంటుంది. తరంగాలు మాత్రం సాగుతూనే ఉంటాయి. కాబట్టి మొదట లోపల ఉన్న ప్రతి తరంగమూ వంతు వచ్చినప్పుడు ఆ హద్దు దాటి గడ్డకడుతుంది, దాదాపు ఒకే ఎత్తుతో. ఆ ఎత్తు క్షేత్రం విలువలో హబుల్ రేటును, అంటే విశ్వం సాగే రేటును, రెండు పైలతో భాగిస్తే వచ్చేంత. మనకు కనిపించే విశ్వంలోని పెద్ద తరంగాలు హద్దు దాటాక ఇన్‌ఫ్లేషన్ మరో 50 నుంచి 60 ఇ-మడతలు సాగిందని అంచనా. ఒక ఇ-మడత అంటే 2.718 రెట్లు సాగడం. 60 మడతలంటే 1 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని రెట్లు.

ఇన్‌ఫ్లేషన్ ముగిశాక పరిస్థితి తలకిందులవుతుంది. కబురు నడిచే దూరం తరంగాల కన్నా వేగంగా పెరుగుతుంది, గడ్డకట్టినవి ఒక్కొక్కటిగా మళ్లీ లోపలికి వస్తాయి. చివర దాటింది ముందు వస్తుంది. ఆకాశంలో డిగ్రీ వెడల్పున కనిపించే తరంగాలు సీఎంబీ వెలువడే వేళకు లోపలికి వచ్చినవే.

క్షేత్రంలో చిన్న ఎత్తుపల్లం ఉష్ణోగ్రత తేడాగా ఎలా మారుతుంది?

కాలం ద్వారా. ఇన్‌ఫ్లేషన్‌ను నడిపే క్షేత్రం ఒక వాలు మీద మెల్లగా దిగుతూ ఉంటుందనుకోండి, కిందికి చేరగానే ఇన్‌ఫ్లేషన్ ఆగుతుంది. క్వాంటం అలజడి వల్ల ఒక చోట క్షేత్రం కాస్త వెనక ఉంటే అక్కడ ఇన్‌ఫ్లేషన్ కాస్త ఆలస్యంగా ముగుస్తుంది, ఆ చోటు కాస్త ఎక్కువ సాగుతుంది. ముందున్న చోట తొందరగా ముగిసి, వేడి ప్లాస్మా (అణువులుగా కలవని ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, వెలుగు కలిసిన ముద్ద) తొందరగా పుట్టి, తొందరగా పలచబడటం మొదలవుతుంది. విశ్వం వయసు ఒక్కో చోట ఒక్కో రవ్వ తేడాతో ఉన్నట్టు. ఆ వయసు తేడాయే సాంద్రతలో తేడా, గురుత్వ పొటెన్షియల్‌లో తేడా, చివరికి ఉష్ణోగ్రతలో తేడా అవుతుంది.

ఈ లెక్కను 1981లో మాస్కోలో ముఖనోవ్, చిబిసోవ్ మొదట ప్రచురించారు. 1982 వేసవిలో కేంబ్రిడ్జిలో జరిగిన నఫీల్డ్ వర్క్‌షాప్‌లో హాకింగ్, స్టారోబిన్‌స్కీ, గూత్, పై, బార్డీన్, స్టైన్‌హార్ట్, టర్నర్ వాదించుకుని ఒక్క జవాబుకు వచ్చారు. వీళ్లలో సో-యంగ్ పై అనేది మనిషి పేరు, గణితంలో పై కాదు.

లక్షలో ఒక వంతే ఎందుకు? సిద్ధాంతం ఆ అంకెను ముందే చెప్పిందా?

లేదు. ఇన్‌ఫ్లేషన్ గురించి ఎక్కువ చేసి చెప్పే చోట్లలో ఇదొకటి. తేడా ఎంత ఉండాలన్నది వాలు ఎంత నిటారుగా ఉంది, ఎంత ఎత్తున ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది, ఆ రెండూ మనకు ముందే తెలియవు. కొలిచిన అంకెను తెచ్చి వాలును సరిచేసుకుంటాం.

కొలిచిన అంకె నుంచి ముందుకు లెక్క కట్టవచ్చు, అది చేసి చూడదగ్గదే. ప్లాంక్ ప్రకారం మొదటి అలజడుల బలం 210 కోట్లను 1 పక్కన 18 సున్నాలతో భాగిస్తే వచ్చేంత, అంటే వంద కోట్లలో 2.1 వంతులు. వర్గమూలం తీస్తే లక్షలో 4.6 వంతులు. పెద్ద కోణాల్లో ఉష్ణోగ్రత తేడా దానిలో అయిదో వంతు, అంటే లక్షలో 0.92 వంతు. దీన్ని 2.7255 కెల్విన్‌లతో గుణిస్తే 25 మైక్రోకెల్విన్‌లు. కోబ్ చూసిన 30 మైక్రోకెల్విన్‌లకు దగ్గరగా వచ్చాం. మిగిలిన తేడాలో కొంత పెద్ద తరంగాలు కాస్త బలంగా ఉండటం వల్ల, కొంత వెలుగు దారిలో తర్వాత కలిసిన ప్రభావాల వల్ల.

0.965 అనే అంకెకు అంత ప్రాధాన్యం ఎందుకు?

అన్ని పరిమాణాల తరంగాలూ సరిగ్గా ఒకే బలంతో పుడితే ఈ అంకె 1 ఉండాలి. దీన్ని స్పెక్ట్రల్ ఇండెక్స్ అంటారు. ఇన్‌ఫ్లేషన్ ఎప్పటికో ఒకప్పటికి ఆగాలి, కాబట్టి అది సాగుతున్నకొద్దీ హబుల్ రేటు మెల్లగా తగ్గుతుంది, ఆలస్యంగా గడ్డకట్టిన చిన్న తరంగాలకు బలం కాస్త తగ్గుతుంది. అందుకే సాదా నమూనాలు 1 కన్నా కొంచెం తక్కువను ఆశిస్తాయి. ప్లాంక్ 2018 ఫలితం 0.9649, అటూ ఇటూ 0.0042. ఆ పొరపాటు హద్దుకు ఎనిమిది రెట్ల దూరంలో 1 ఉంది. 2025లో అటకామా టెలిస్కోప్ కొలతలను ప్లాంక్‌తో, గెలాక్సీ సర్వేతో కలిపి చూస్తే 0.974 వచ్చింది. 1 కాదన్న మాట నిలబడింది. ఏ నమూనా నెగ్గుతుందన్నది మాత్రం ఈ రెండు అంకెల మధ్య తేడా మీదే ఆధారపడి ఉంది.

## ప్లాస్మాలో 3,80,000 ఏళ్లు

సాంద్రత ఎక్కువ ఉన్న చోట వేడిగా ఉండాలి కదా, చల్లగా కనిపిస్తుందంటారేం?

రెండూ నిజమే, ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్లప్పుడు ఉష్ణోగ్రత 3,000 కెల్విన్‌లకు తగ్గి, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిసి హైడ్రోజన్ అయ్యాయి, వెలుగు స్వేచ్ఛగా బయలుదేరింది. దట్టమైన చోట ఆ వెలుగు నిజంగానే కాస్త వేడిగా ఉంది. అయితే ఆ చోటు గురుత్వ గుంట. గుంటలోంచి పైకెక్కి రావడానికి వెలుగు శక్తి ఖర్చు చేయాలి. గుంట లోతును మూడు భాగాలనుకుంటే, వేడి వల్ల రెండు భాగాలు లాభం, ఎక్కడం వల్ల మూడు భాగాలు నష్టం. నికరంగా ఒక భాగం నష్టం, అంటే చలి. దీన్ని శాక్స్-వోల్ఫ్ ప్రభావం అంటారు. ఈ లెక్క ఒకటి రెండు డిగ్రీల కన్నా పెద్ద మచ్చలకే. చిన్న మచ్చల్లో ప్లాస్మా ఊగుడు పైచేయి అవుతుంది, అక్కడ ఈ సూత్రం వాడితే తప్పు వస్తుంది.

గ్రాఫులో కనిపించే గుట్టలు ఏమిటి? అవీ క్వాంటమేనా?

ఏ పరిమాణపు మచ్చల్లో తేడా ఎంత బలంగా ఉందో గీసిన గ్రాఫు ఇది, స్పెక్ట్రమ్ అంటారు. విత్తనం క్వాంటం, గుట్టలు శబ్దం. వెలుగు, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిసిపోయి ఉన్న ప్లాస్మాను గురుత్వం లోపలికి నొక్కుతుంది, వెలుగు పీడనం బయటికి తోస్తుంది. ఈ తోపులాటలో శబ్ద తరంగాలు పుడతాయి. మొదట్లో వాటి వేగం కాంతి వేగంలో సుమారు 58 శాతం, పదార్థం బరువు వల్ల తర్వాత తగ్గింది. వెలుగు విడుదలైన క్షణంలో ఏ తరంగం పూర్తిగా నొక్కుకుని ఉందో, ఏది పూర్తిగా విచ్చుకుని ఉందో, అవి గుట్టలుగా కనిపిస్తాయి. గ్రాఫులో అడ్డంగా ఉండే అంకెను ఎల్ అంటారు, 180ని దానితో భాగిస్తే సుమారు కోణం వస్తుంది. గుట్టలు ఎల్ 220, 540, 810 దగ్గర. మొదటిది డిగ్రీకి కాస్త తక్కువ, చేయి చాచి చూస్తే చిటికెన వేలు వెడల్పంత.

రెండో గుట్ట ఎత్తు నుంచి మామూలు పదార్థం ఎంతో, మూడోదాని నుంచి కృష్ణ పదార్థం (కంటికి కనిపించకుండా గురుత్వం మాత్రమే చూపే పదార్థం) ఎంతో తెలుస్తుంది. మొదటి గుట్ట స్థానం విశ్వం వంపు లేకుండా చదునుగా ఉందని చెబుతుంది. దీన్ని స్పష్టంగా చూపిన మొదటి ప్రయోగాల్లో బూమరాంగ్ ఒకటి, అంటార్కిటికా చుట్టూ బెలూన్ మీద ఎగిరిన టెలిస్కోప్. ఫలితాలు 2000లో వచ్చాయి.

ఎల్ వెయ్యి దాటాక గ్రాఫు ఎందుకు పడిపోతుంది?

వెలుగు కణాలు ఎలక్ట్రాన్లను ఢీకొంటూ దారితప్పి నడుస్తూ వేడి చోట్లనూ చల్లని చోట్లనూ కలిపేస్తాయి, చిన్న మచ్చలు చెరిగిపోతాయి. 1968లో జోసెఫ్ సిల్క్ వివరించాడు కాబట్టి సిల్క్ క్షీణత అంటారు.

## ఎంతవరకు నమ్మాలి

క్వాంటం మూలం రుజువైందా, అవునా కాదా?

సూటిగా చెప్పాలంటే రుజువు కాలేదు. బలమైన సాక్ష్యం ఉంది.

కొలిచి తేల్చినవి ఇవి. అలజడులు దాదాపు పూర్తిగా గాసియన్. దాని నుంచి తప్పుకోవడాన్ని కొలిచే ఒక అంకె ప్లాంక్‌లో మైనస్ 0.9, పొరపాటు హద్దు 5.1, అంటే సున్నాతో సరిపోతోంది. స్పెక్ట్రల్ ఇండెక్స్ 1 కన్నా కొంచెం తక్కువ. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గుట్టలు అంత పదునుగా ఉండటం. ఒకే పొడవున్న తరంగాలన్నీ ఒకే తాళంలో, ఒకే క్షణాన ఊగడం మొదలుపెడితేనే అలాంటి గుట్టలు వస్తాయి. గడ్డకట్టి వచ్చి, లోపలికి రాగానే కదలడం మొదలుపెట్టిన తరంగాలకు ఆ తాళం దానంతట అదే కుదురుతుంది. ఒకప్పుడు గట్టి పోటీదారుగా ఉన్న కాస్మిక్ స్ట్రింగ్‌లు (తొలి విశ్వంలో మిగిలి ఉండవచ్చని ఊహించిన సన్నటి శక్తి తీగలు) ఎప్పటికప్పుడు కొత్త అలజడి రేపుతుంటాయి, తాళం తప్పుతుంది, గుట్టలు కరిగిపోతాయి. 2003లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఉష్ణోగ్రతకు, ధ్రువణానికి (వెలుగు తరంగం ఊగే దిశకు) మధ్య డిగ్రీ కన్నా పెద్ద కోణాల్లో వ్యతిరేక సంబంధాన్ని చూసింది. అలజడులు అప్పటి కబురు దూరం కన్నా పెద్దవిగా ముందే ఉన్నాయని అది చూపిస్తుంది.

వీటిని బట్టి మొదటి అలజడులు ఎలా ఉన్నాయో తెలుసు. అవి శూన్యపు చెదురు నుంచే వచ్చాయన్నది ఇన్‌ఫ్లేషన్ లెక్క. అది అన్నిటికీ సరిపోతోంది, మరో రకంగా సరిపోయే దారి పూర్తిగా మూసుకుపోలేదు.

మామూలు వేడి వల్ల పుట్టిన కదలికలు కావచ్చు కదా?

కావచ్చు, ఆ నమూనాలూ ఉన్నాయి. వార్మ్ ఇన్‌ఫ్లేషన్ అనేదానిలో వ్యాకోచం జరుగుతున్నప్పుడే వికిరణం పుడుతూ ఉంటుంది, అలజడుల్లో ఉష్ణ కదలికలదే పెద్ద వాటా. ఉష్ణోగ్రత పటం ఒక్కటే చూసి రెండిటినీ తేల్చి చెప్పడం కష్టం. మామూలు ఇన్‌ఫ్లేషన్‌లో అయితే ముందున్న వేడి నిలవదు. ఒక పొడవు 1 పక్కన 26 సున్నాల రెట్లు సాగితే కణాలన్నీ పలచబడి అడ్రస్ లేకుండా పోతాయి. శూన్యపు చెదురు మాత్రం పలచబడదు, సాగే ప్రతి క్షణమూ కొత్త తరంగాలు అదే చెదురుతో వస్తాయి.

క్వాంటం ఎక్కడ ఆగి మామూలు మచ్చ ఎక్కడ మొదలవుతుంది?

రెండు మెట్లు ఉన్నాయి, మొదటిది స్పష్టం, రెండోది ఇంకా వివాదం. తరంగం హద్దు దాటాక దాని క్వాంటం స్థితి ఒక దిశలో విపరీతంగా సాగి, మరో దిశలో అంతే నలిగిపోతుంది. స్థానం, వేగం ఒకదానికొకటి ముడిపడి, కొలతలు మామూలు యాదృచ్ఛిక తరంగాల కొలతల్లాగే వస్తాయి. పైగా చుట్టూ ఉన్న ఇతర తరంగాలతో చిక్కుపడటం వల్ల సూపర్‌పొజిషన్ (అనేక అవకాశాలు ఒకేసారి కలిసి ఉండటం) ఆనవాళ్లు చెదిరిపోతాయి, దీన్ని డీకోహెరెన్స్ అంటారు.

ఇంతవరకు లెక్క బాగుంది. అనేక అవకాశాల్లోంచి మనం చూస్తున్న ఈ ఒక్క పటమే ఎలా ఖాయమైంది అన్నది మిగులుతుంది. ల్యాబ్‌లో అయితే బయట నుంచి కొలిచే పరికరం ఉంటుంది. విశ్వానికి బయట ఎవరూ లేరు. క్వాంటం సిద్ధాంతంలోని పాత కొలత సమస్య ఇక్కడ మరింత నగ్నంగా కనిపిస్తుంది, నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. అది తేలకపోయినా అంకెల లెక్కలు మారవు.

2014లో ఇన్‌ఫ్లేషన్ రుజువైందని వార్తలొచ్చాయి, తర్వాత ఏమైంది?

దక్షిణ ధ్రువంలోని బైసెప్2 బృందం 2014 మార్చి 17న బీ-మోడ్ అనే సుడి ఆకారపు ధ్రువణాన్ని చూశామని ప్రకటించింది. ఇన్‌ఫ్లేషన్‌లో గురుత్వ క్షేత్రం కూడా చెదిరి గురుత్వ తరంగాలను పుట్టిస్తే ఆ ఆకారమే రావాలి. సిగ్నల్ నిజమే, మూలం వేరు. ఆ కొలత 150 గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రమే జరిగింది, ఒక్క పౌనఃపున్యంతో పాలపుంత ధూళిని విడదీయడం సాధ్యం కాదు. ప్లాంక్ 353 గిగాహెర్ట్జ్ డేటాతో కలిపి చూశాక, 2015 మొదట్లో, ధూళి లెక్క తీసేస్తే మూలపు గురుత్వ తరంగాలకు ఆధారం మిగల్లేదని తేలింది.

గురుత్వ తరంగాల బలాన్ని సాంద్రత అలజడులతో పోల్చే నిష్పత్తిని ఆర్ అంటారు. 2021 నాటి బైసెప్-కెక్ హద్దు 0.036. దీన్ని బట్టి ఇన్‌ఫ్లేషన్ నాటి శక్తి స్థాయి జెనీవా దగ్గరి కణాల ఢీకొట్టే యంత్రం ఎల్‌హెచ్‌సీ శక్తికి సుమారు లక్ష కోట్ల రెట్లు మించదు. స్టారోబిన్‌స్కీ నమూనా ఆశించే విలువ 0.004 దగ్గర. చిలీలో 5,200 మీటర్ల ఎత్తున ఉన్న సైమన్స్ అబ్జర్వేటరీ, జపాన్ తలపెట్టిన లైట్‌బర్డ్ ఉపగ్రహం దీనికోసమే.

ఎరిడానస్ అనే నక్షత్ర మండలం దిక్కున ఉన్న పెద్ద చల్లని మచ్చ మరో విశ్వం గుద్దుకున్న గుర్తా?

దానికి ఆధారం లేదు. సుమారు పది డిగ్రీల వెడల్పున్న ఆ మచ్చ అసాధారణమే. అయినా అంత పెద్ద పటంలో ఏదో ఒక వింత కోసం వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, వెతికిన సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే వింత తగ్గుతుంది.

ఇంకా మంచి టెలిస్కోపు కడితే పెద్ద మచ్చల కొలత మెరుగుపడుతుందా?

పడదు. ఒక్కో ఎల్‌కు, ఆ అంకెను రెండింతలు చేసి ఒకటి కలిపితే వచ్చినన్ని విడివిడి కొలతలు మాత్రమే ఆకాశంలో దొరుకుతాయి. ఎల్ 2కి అయిదే. పరికరం ఎంత గొప్పదైనా అక్కడ 63 శాతం అనిశ్చితి తప్పదు. ఎల్ 220కి అది 7 శాతం లోపు, 1,000కి సుమారు 3 శాతం. చూడటానికి మనకున్నది ఒక్క ఆకాశమే.

## సొంతంగా లెక్క కట్టాలంటే

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఈ గ్రాఫు గీయగలమా?

గీయగలం. ప్లాంక్ లెగసీ ఆర్కైవ్‌లో పటాలు ఉచితం. స్మైకా అనే శుభ్రపరిచిన పటం, దానితో పాటు పాలపుంత లాంటి చోట్లను కప్పే ఉమ్మడి మాస్క్ దించుకోండి. పటం ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె ఎన్‌సైడ్ ఇందులో 2048, అంటే 5,03,31,648 పిక్సెళ్లు. పైథాన్‌లో హీల్‌పై లైబ్రరీ చాలు. మెమరీ తక్కువైతే ఎన్‌సైడ్ 512కు తగ్గించుకోండి, అప్పుడు ఎల్ 1,000 దాకా నమ్మవచ్చు.

వరస ఇది. పటం చదవండి. విలువలు కెల్విన్‌లలో ఉంటాయి, పది లక్షలతో గుణించి మైక్రోకెల్విన్‌లు చేయండి. మాస్క్ వేయండి, సుమారు 78 శాతం ఆకాశం మిగులుతుంది. మిగిలిన భాగంలో సగటును, డైపోల్‌ను (మన కదలిక వల్ల వచ్చే సగం వేడి, సగం చలి ఆకారాన్ని) తీసేయండి. హీల్‌పైలోని అనాఫాస్ట్‌తో స్పెక్ట్రమ్ కట్టండి. ఫలితాన్ని మిగిలిన ఆకాశం వాటా 0.78తో, తర్వాత 5 ఆర్క్‌మినిట్ల బీమ్ (టెలిస్కోప్ చూపు మసక) వర్గంతో, పిక్సెల్ విండో (పిక్సెల్ వెడల్పు వల్ల వచ్చే మసక) వర్గంతో భాగించండి. చివరగా ఎల్‌ను ఎల్ ప్లస్ ఒకటితో గుణించి, రెండు పైలతో భాగించి, దానితో గుణించండి. మొదటి గుట్ట ఎల్ 220 దగ్గర సుమారు 5,700 మైక్రోకెల్విన్ వర్గాల ఎత్తున రావాలి.

నా గ్రాఫు తేడాగా వస్తోంది, ఎక్కడ తప్పు?

తప్పు ఏ ఆకారంలో ఉందో చూస్తే కారణం దొరుకుతుంది. గుట్టలే లేకుండా గ్రాఫు పైకి ఎగబాకుతూ పోతే పిక్సెళ్ల వరస తప్పింది. ఫైల్‌లో అవి నెస్టెడ్ వరసలో ఉంటాయి. హీల్‌పై చదివితే దానంతట అదే రింగ్ వరసకు మార్చుతుంది, వేరే లైబ్రరీతో చదివితే మార్చదు. ఎత్తు లక్ష కోట్ల రెట్లు తక్కువ వస్తే యూనిట్లు మార్చలేదు. గుట్టలన్నీ అయిదో వంతు పొట్టిగా ఉంటే 0.78తో భాగించడం మరిచారు. మొదటి గుట్ట సరిగ్గా ఉండి తర్వాతవి త్వరగా కుంగిపోతే బీమ్ లేదా పిక్సెల్ విండో సరిచేయలేదు. పటాన్ని 512కు తగ్గించి ఉంటే 512 విండోనే వాడాలి. చిన్న ఎల్ దగ్గర గ్రాఫు ఆకాశానికి అంటితే మాస్క్ పడలేదు. ఎల్ 1,500 దాటాక పైకి లేస్తే అది పరికరం రొద. సగం సగం కాలంలో తీసిన రెండు పటాల మధ్య స్పెక్ట్రమ్ కడితే రొద చాలావరకు పోతుంది, ఎందుకంటే రెండిట్లోనూ రొద వేరువేరు.

0.78తో భాగించడం ఉజ్జాయింపే. మాస్క్ అంచులు పక్కపక్క ఎల్‌లను కలిపేస్తాయి. కచ్చితంగా కావాలంటే నామాస్టర్ లాంటి ప్రోగ్రామ్ వాడండి.

సిద్ధాంతపు గీతను పక్కన గీయడానికి ఏ అంకెలు ఇవ్వాలి?

సిద్ధాంతపు స్పెక్ట్రమ్ లెక్క కట్టే క్యాంబ్ లేదా క్లాస్ ప్రోగ్రామ్‌లో హబుల్ స్థిరాంకం 67.4, మామూలు పదార్థం 0.0224, కృష్ణ పదార్థం 0.120, ఆప్టికల్ డెప్త్ (దారిలో వెలుగు ఎంత చెదిరిందన్న అంకె) 0.054, స్పెక్ట్రల్ ఇండెక్స్ 0.965, మొదటి అలజడుల బలం వంద కోట్లలో 2.1 ఇవ్వండి. ఈ ఆరిట్లో చివరి రెండే శూన్యపు చెదురు నుంచి వచ్చినవి. వాటిని ఒక్కొక్కటిగా మార్చి చూడండి. బలం పెంచితే గ్రాఫు మొత్తం పైకి లేస్తుంది. ఇండెక్స్‌ను 1 చేస్తే ఎడమ వైపు కుంగి కుడి వైపు లేస్తుంది, మీరు గీసిన చుక్కల నుంచి గీత పక్కకు తప్పుకోవడం కంటికే కనిపిస్తుంది.